సూరి భగవంతం

సూరి భగవంతం (1909 అక్టోబరు 14 - 1989 ఫిబ్రవరి 6) భారతీయ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త, శాస్త్ర పరిశోధనా సంస్థల నిర్వాహకుడు. అణువులలోను, స్ఫటికాలలోను జరిగే కంపనాలు, ఘనపదార్థాల స్థితిస్థాపకత, కాంతి పరిక్షేపణం ఈయన ప్రధాన పరిశోధనాంశాలు. సర్ సి.వి.రామన్ శిష్యుడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, భారత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. స్ఫటిక కంపనాల లెక్కింపునకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించిన తొలి తరం శాస్త్రవేత్తలలో ఈయన ఒకరు.

బాల్యం, విద్యాభ్యాసం

భగవంతం అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి గ్రామంలో జన్మించారు. గుడివాడలో పాఠశాల చదువు ముగించుకొని హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. భౌతికశాస్త్రంలో బి.ఎస్సీ. పరీక్షలో ఈయన మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ప్రథమ స్థానం పొందారు.

1928లో కలకత్తా వెళ్ళి, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో సి.వి.రామన్ వద్ద పరిశోధనకు చేరారు. రామన్ తన పేరుతో ప్రసిద్ధి చెందిన ఫలితాన్ని కనుగొన్నది ఆ సంవత్సరం ఫిబ్రవరి 28ననే. ఒకే రంగు కాంతిని ఒక పదార్థం గుండా పంపినప్పుడు, చెదిరి వచ్చిన కాంతిలో కొత్త పౌనఃపున్యాలు కూడా కనిపిస్తాయి. ఈ తేడాలు ఆ పదార్థపు అణువులు ఎంత వేగంగా కంపిస్తున్నాయో చెబుతాయి. అంటే కంటికి కనిపించని అణువుల కంపనాలను కాంతి సాయంతో కొలిచే మార్గం అప్పుడే తెరుచుకున్నది. ఆ మార్గంలో మొదట నడిచిన యువకులలో భగవంతం ఒకరు.

1931లో రామన్, భగవంతం కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదని చూపే ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. వాయువులలో చెదిరిన కాంతి తీవ్రతను, ధ్రువణాన్ని కొలిచి వారు ఈ నిర్ణయానికి వచ్చారు. అప్పటికి భగవంతం వయస్సు 22 సంవత్సరాలు కూడా నిండలేదు, లేదా అప్పుడప్పుడే నిండింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో

1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు మారింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా ఉన్న కాలంలో (1931-1936) ఇక్కడ విజ్ఞాన శాస్త్ర విభాగాలు మొదలయ్యాయి. భగవంతం 1932లో భౌతికశాస్త్ర అధ్యాపకుడుగా చేరారు. 28 ఏళ్ళ వయస్సులోనే ఆచార్య పదవిని, శాఖాధిపత్యాన్ని పొందారు.

ఈ విజ్ఞాన కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ (1869-1951) పేరు పెట్టారు. ఆయన విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. సాహిత్యాభిమానిగా, కవిగా కూడా ఆయనకు పేరున్నది. జయపురం సంస్థానం తూర్పు కనుమలలో, కోరాపుట్ కొండ ప్రాంతాలలో విస్తరించి ఉండేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. సంస్థానపు ఆదాయం ప్రధానంగా కొండ గ్రామాల శిస్తుల నుండి, అడవుల నుండి వచ్చేది. కోదులు, పరజలు, గదబలు మొదలైన తెగలవారు ఆ నేలను సాగు చేసేవారు. కనుక వాల్తేరు ప్రయోగశాలల వెనుక ఆ కొండల శ్రమ కూడా ఉన్నది. అయితే ఆ గ్రామాల పిల్లలకు విశ్వవిద్యాలయం చాలా కాలం వరకు అందుబాటులోకి రాలేదు.

విశ్వవిద్యాలయం నెలకొన్న మిట్ట నేల తూర్పు కనుమల రాళ్ళతోనే ఏర్పడింది. ఆ రాతికి ఖోండలైట్ అని పేరు. 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ ఖోండు (కోదు) తెగ పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టారు. ఇందులో క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ ఉంటాయి. అరకు లోయకు వెళ్ళే దారిలో, అనంతగిరి కొండలలో ఉన్న బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడ్డాయి. అక్కడి శిలాస్తంభాలలో ప్రధాన ఖనిజం కాల్సైట్. (ఈ ప్రాంతాలు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి.) భగవంతం, ఆయన శిష్యులు కంపనాలను అధ్యయనం చేసిన స్ఫటికాలలో కాల్సైట్, గార్నెట్ కూడా ఉన్నాయి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. ఆ సంవత్సరం విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. యుద్ధం ముగిసిన తరువాతనే అది తిరిగి వాల్తేరు చేరింది. విదేశాల నుండి పరికరాలు రావడమే కష్టమైన ఈ సంవత్సరాలలోనే భగవంతం బృందం తన ముఖ్యమైన పరిశోధనలు చాలావరకు పూర్తి చేసింది.

పరిశోధనలు

స్ఫటిక కంపనాలు, సమూహ సిద్ధాంతం

ఒక అణువు ఎన్ని రకాలుగా కంపించగలదు అన్న ప్రశ్నకు సమాధానం సులభమే. ప్రతి పరమాణువు మూడు దిశలలో కదలగలదు. నీటి అణువులో మూడు పరమాణువులు ఉన్నాయి కనుక మొత్తం 9 రకాల చలనాలు సాధ్యం. వాటిలో 3 అణువు మొత్తంగా ముందుకు సాగే చలనాలు, 3 గిర్రున తిరిగే చలనాలు. మిగిలిన 3 మాత్రమే నిజమైన కంపనాలు. అయితే స్ఫటికంలో లెక్కలేనన్ని పరమాణువులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వాటి కంపనాలలో రామన్ వర్ణపటంలో కనిపించేవి ఎన్ని, కనిపించనివి ఎన్ని అని ముందుగా చెప్పడం కష్టం.

భగవంతం, గణితంలో ప్రవీణుడైన టి.వెంకటరాయుడు కలిసి 1939లో ఈ సమస్యకు ఒక పద్ధతిని ప్రకటించారు. స్ఫటికం ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ పేర్చినట్లు ఉంటుంది. ఆ నమూనాను ఏకాంక ఘటం అంటారు. స్ఫటికం మొత్తాన్ని గాక ఒక్క ఏకాంక ఘటాన్ని తీసుకొని, దాని సౌష్ఠవాన్ని సమూహ సిద్ధాంతంతో విశ్లేషిస్తే కంపనాలన్నిటినీ తరగతులుగా విభజించవచ్చునని వారు చూపారు. సౌష్ఠవమున్న వ్యవస్థల కంపనాలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయించే మార్గాన్ని యూజీన్ విగ్నర్ 1930లో సూచించారు. దానిని స్ఫటికాల రామన్ వర్ణపటాలకు ఉపయోగపడే విధంగా మలచడం వాల్తేరు బృందం చేసిన పని.

ఉదాహరణకు కాల్సైట్ ఏకాంక ఘటంలో 10 పరమాణువులు ఉంటాయి. అంటే 30 రకాల చలనాలు. వాటిలో 3 ఘటం మొత్తంగా కదిలేవి. మిగిలిన 27 కంపనాలలో కొన్ని జంటలుగా ఒకే పౌనఃపున్యంతో ఉంటాయి. సౌష్ఠవ నియమాలు అన్వయిస్తే రామన్ వర్ణపటంలో సరిగ్గా 5 రేఖలు మాత్రమే కనిపించాలని తేలుతుంది. ప్రయోగంలో కనిపించేవి కూడా ఆ 5 రేఖలే. బొర్రా గుహలోని రాతి ముక్కను పరీక్షించినా ఇదే ఫలితం వస్తుంది. ఇప్పటికీ రసాయన, భౌతిక శాస్త్ర విద్యార్థులు ఖనిజాల వర్ణపటాలను విశ్లేషించేటప్పుడు ఈ రకమైన లెక్కనే ముందుగా వేస్తారు.

ఈ పరిశోధనలు సమూహ సిద్ధాంతంపై భగవంతం, వెంకటరాయుడు రచించిన గ్రంథానికి దారితీశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో దానిని ప్రచురించింది. ఆ తరువాత అది విదేశాలలో కూడా పునర్ముద్రణ పొందింది.

అతిధ్వనులతో స్థితిస్థాపకత కొలతలు

ఒక ఘనపదార్థాన్ని నొక్కితే, సాగదీస్తే, మెలిపెడితే ఎంతవరకు ఎదిరిస్తుందో తెలిపే సంఖ్యలను స్థితిస్థాపక స్థిరాంకాలు అంటారు. స్ఫటికం గుణం దిశను బట్టి మారుతుంది గనుక దానికి ఒక స్థిరాంకం చాలదు. ఘనాకార సౌష్ఠవం గల వజ్రం, ఉప్పు వంటి స్ఫటికాలకు 3, కాల్సైట్‌కు 6, ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్థిరాంకాలు కావాలి. వంతెన, యంత్రం, విమానపు రెక్క వంటి ఏ నిర్మాణపు కంపనాలను లెక్క కట్టాలన్నా దాని పదార్థపు స్థిరాంకాలు ముందుగా తెలియాలి. కనుక ఈ కొలతలు భౌతికశాస్త్రానికి ఎంత అవసరమో ఇంజనీరింగుకు కూడా అంత అవసరం.

స్ఫటికాలు సాధారణంగా చిన్నవిగా దొరుకుతాయి. వాటిని బరువులు వేసి వంచి కొలవడం సాధ్యం కాదు. అందుచేత భగవంతం, జె.భీమసేనాచార్ అతిధ్వని తరంగాలను ఉపయోగించారు. విద్యుత్తు పెట్టినప్పుడు కంపించే క్వార్ట్జ్ పలకను వారు ఒకవైపు పలుచగా, మరొకవైపు మందంగా ఉండే చీలిక ఆకారంలో కోసి వాడారు. పలక మందాన్ని బట్టి కంపన పౌనఃపున్యం మారుతుంది. కనుక ఒకే చీలిక నుండి అనేక పౌనఃపున్యాలు వరుసగా లభిస్తాయి. పరీక్షించవలసిన స్ఫటికపు పలుచని పలక సహజ పౌనఃపున్యం వద్దకు రాగానే తరంగాలు దాని గుండా ఎక్కువగా ప్రసరిస్తాయి. ఆ అనునాదాన్ని ద్రవంలో కాంతి వివర్తనం సాయంతో గుర్తిస్తారు.

దీని లెక్క సరళమైనది. పలక మందాన్ని రెట్టింపు చేసి పౌనఃపున్యంతో గుణిస్తే స్ఫటికంలో ధ్వని వేగం వస్తుంది. ఒక మిల్లీమీటరు మందమున్న పలక 3 మెగాహెర్ట్జ్ వద్ద అనునదిస్తే అందులో ధ్వని వేగం సెకనుకు 6,000 మీటర్లు. ఆ వేగపు వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే స్థిరాంకం లభిస్తుంది. చీలిక పద్ధతిగా పేరుపొందిన ఈ విధానంతో వాల్తేరు బృందం అనేక ఖనిజాలను, లవణాలను పరీక్షించింది.

వజ్రం

ఈ పద్ధతితో భగవంతం, భీమసేనాచార్ వజ్రపు మూడు స్థిరాంకాలను కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. వాటి విలువలు ఇప్పటి కొలమానంలో సుమారు 950, 390, 430 గిగాపాస్కల్‌లు. అన్నిటికంటె కఠినమైన పదార్థానికి సంబంధించిన ఈ సంఖ్యలు వెంటనే ప్రపంచ దృష్టిని ఆకర్షించాయి.

ఆ సమయంలో స్ఫటిక కంపనాల విషయమై రామన్‌కు, జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌కు మధ్య తీవ్రమైన శాస్త్ర వివాదం నడుస్తున్నది. స్ఫటికంలో కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాలు మాత్రమే ఉంటాయని రామన్ వాదించారు. పౌనఃపున్యాలు అవిచ్ఛిన్నంగా విస్తరించి ఉంటాయని బోర్న్ సిద్ధాంతం. ఈ బోర్న్‌నే 1935లో రామన్ బెంగుళూరుకు ఆహ్వానించారు. బోర్న్ తన సిద్ధాంతం నుండి వజ్రపు మూడు స్థిరాంకాల మధ్య ఒక సంబంధాన్ని రాబట్టారు. దాని ప్రకారం ఒక నిష్పత్తి విలువ 1 కావాలి. రామన్ శిష్యుడైన భగవంతం కొలిచిన సంఖ్యలను అందులో ఉంచితే 1.1 వచ్చింది. ఈ విధంగా వాల్తేరు కొలతలు గురువుగారి ప్రత్యర్థికి ఆధారంగా నిలిచాయి. 1948లో హెలెన్ స్మిత్ వజ్రపు కంపనాలను బోర్న్ సిద్ధాంతం ప్రకారం లెక్కించినప్పుడు కూడా ఈ స్థిరాంకాలనే వాడారు.

ఈ కథ అక్కడితో ముగియలేదు. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన మెక్‌స్కిమిన్, బాండ్ మెరుగైన పల్స్ పద్ధతితో వజ్రాన్ని మళ్ళీ కొలిచారు. వారికి 1076, 125, 576 గిగాపాస్కల్‌లు వచ్చాయి. ఇవే ప్రామాణికంగా స్థిరపడ్డాయి. మొదటి స్థిరాంకంలో తేడా సుమారు 12 శాతం. స్థిరాంకం వేగపు వర్గంపై ఆధారపడుతుంది గనుక వేగంలో 6 శాతం పొరపాటు చాలు అంత తేడా రావడానికి. రెండవ స్థిరాంకాన్ని ఏ ఒక్క తరంగమూ నేరుగా ఇవ్వదు. ఇతర కొలతల నుండి తీసివేతల ద్వారా దానిని రాబట్టాలి. అందుచేత మిగతా పొరపాట్లన్నీ దానిలో పోగుపడి విలువ మూడు రెట్లకు పైగా పెరిగింది. కొత్త సంఖ్యలను బోర్న్ సంబంధంలో ఉంచితే నిష్పత్తి 1.1కి బదులు దాదాపు 1.5 అవుతుంది. అంటే 1946లో కనిపించిన పొందిక నిలువలేదు. ఆ సరళమైన సంబంధం వజ్రానికి చాలదని తేలింది. అయితే వివాదపు మూలాంశంలో, 1950, 1960 దశకాలలో జరిగిన న్యూట్రాన్ పరిక్షేపణ ప్రయోగాలు బోర్న్ పక్షాన్నే సమర్థించాయి.

తొలి కొలతలు సవరణకు గురి కావడం విజ్ఞాన శాస్త్రంలో సాధారణమే. అంత కఠినమైన స్ఫటికాన్ని కొలవడానికి పూనుకొని, ఇతరులు పరీక్షించి సరిదిద్దగలిగే సంఖ్యలను ముందుగా అందించినది మాత్రం వాల్తేరు బృందమే.

కాంతి-స్థితిస్థాపకత

పారదర్శక స్ఫటికాన్ని నొక్కితే దానిలో కాంతి ప్రయాణించే తీరు మారుతుంది. దీనిని వివరించే స్థిరాంకాల పట్టికను జర్మనీకి చెందిన పొకెల్స్ 19వ శతాబ్దం చివరి భాగంలో రూపొందించారు. అర్ధ శతాబ్దం పాటు అందరూ దానినే అనుసరించారు. 1942లో భగవంతం సమూహ సిద్ధాంతం ద్వారా ఆ పట్టికను పరీక్షించి, కొన్ని స్ఫటిక తరగతుల విషయంలో అది తప్పని చూపారు. ఘనాకార వ్యవస్థలోని 5 తరగతులకూ 3 స్థిరాంకాలు చాలునని పొకెల్స్ భావించారు. వాటిలో రెండు తరగతులకు 4 అవసరమని భగవంతం నిరూపించారు. బేరియం నైట్రేట్ వంటి స్ఫటికాలపై జరిగిన ప్రయోగాలు దీనిని బలపరిచాయి. కాగితంపై చేసిన సౌష్ఠవ విచారణ ప్రయోగశాలలోని పాత నమ్మకాన్ని సరిదిద్దిన సందర్భంగా దీనిని చెప్పవచ్చు.

హైదరాబాదు, బెంగుళూరు

1948లో భగవంతం లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర వ్యవహారాల అధికారిగా నియమితులయ్యారు. ఆ పదవి నుండి తిరిగి వచ్చి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడుగా చేరారు. 1952 నుండి 1957 వరకు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా ఉన్నారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత, ఆంధ్ర ప్రదేశ్ అవతరణకు ముందు వెనుకల నడిచిన కాలమది. అతిధ్వనులు, స్ఫటిక భౌతికశాస్త్రంలో పరిశోధన ఆయనతో పాటు ఉస్మానియాలో కూడా వేళ్ళూనుకున్నది.

1957లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1933 నుండి 1937 వరకు గురువు రామన్ నిర్వహించిన పదవి అది. భగవంతం కాలంలోనే, 1958లో, ఈ సంస్థకు విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా లభించింది. 1959లో స్వర్ణోత్సవం జరిగింది. 1962లో ఆయన తరువాత ఏరోనాటికల్ ఇంజనీరు సతీష్ ధావన్ డైరెక్టరు పదవిని చేపట్టారు.

రక్షణ పరిశోధన

1958లో ఏర్పడిన రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు తొలి సారథి డి.ఎస్.కొఠారి. 1961లో ఆయన తరువాత భగవంతం రక్షణ మంత్రి శాస్త్ర సలహాదారుగా బాధ్యతలు స్వీకరించి 1969 వరకు కొనసాగారు. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధాలు ఈ కాలంలోనివే. విదేశాల నుండి కొనే ఆయుధాలపైనే ఆధారపడడం ఎంత ప్రమాదమో ఆ యుద్ధాలు తెలియజేశాయి.

1960 దశకం తొలి సంవత్సరాలలో క్షిపణులు, లోహాలు, ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించిన రక్షణ ప్రయోగశాలలు హైదరాబాదులో నెలకొన్నాయి. తరువాతి దశాబ్దాలలో ఆ నగరం దేశపు క్షిపణి పరిశోధనకు కేంద్రం కావడానికి ఇవే పునాది. 1969లో విశాఖపట్నంలో నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఏర్పడింది. నీటి అడుగున పనిచేసే ఆయుధాలు, నౌకల శబ్దం, కంపనాలు దాని పరిశోధనాంశాలు. భగవంతం యువకుడుగా కంపనాలను అధ్యయనం చేసిన ఊరిలోనే ఆ విద్య రక్షణ అవసరాలకు ఉపయోగపడింది.

పాలనా బాధ్యతల వలన 1948 తరువాత ఆయన స్వయంగా ప్రయోగశాలలో గడిపిన సమయం తగ్గింది. అయినా రచన మానలేదు. స్ఫటిక సౌష్ఠవంపై ఆయన గ్రంథం రక్షణ సలహాదారుగా ఉన్న కాలంలోనే, 1966లో వెలువడింది.

చివరి రోజులు

పదవీ విరమణ తరువాత భగవంతం పుట్టపర్తి సత్య సాయిబాబా అనుయాయిగా ప్రసిద్ధి పొందారు. సత్య సాయి తెలుగులో చేసే ప్రసంగాలను సభలలో అప్పటికప్పుడు ఆంగ్లంలోకి అనువదించేవారు. 1989 ఫిబ్రవరి 6న తన 79 ఏళ్ళ వయస్సులో మరణించారు.

రచనలు

భగవంతం ప్రధాన గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నాయి.

కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించిన గ్రంథం (1940, ఆంధ్ర విశ్వవిద్యాలయం).
సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అన్వయం (1948, టి.వెంకటరాయుడుతో కలిసి).
స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలు (1966, లండన్).

ప్రభావం

వాల్తేరులో భగవంతం నెలకొల్పిన అతిధ్వని, స్ఫటిక పరిశోధనా సంప్రదాయం శిష్యుల ద్వారా ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో కొనసాగింది. అతిధ్వని తరంగాలతో ఘనపదార్థాన్ని పగులగొట్టకుండా లోపలి గుణాలు తెలుసుకోవడం నేడు పరిశ్రమలలో నిత్యకృత్యం. రైలు పట్టాలలోని పగుళ్ళను, అతుకులలోని లోపాలను ఈ తరంగాలతోనే పట్టుకుంటారు. ఖనిజాల గుర్తింపులో రామన్ వర్ణపటాలు సాధారణ సాధనమయ్యాయి. ఈ రెండు విద్యలనూ తెలుగు నేలపై, యుద్ధకాలపు కొరతల మధ్య, స్థానికంగా తయారు చేసుకున్న పరికరాలతో సాధన చేయవచ్చునని చూపిన ఆచార్యుడుగా భగవంతానికి విజ్ఞాన శాస్త్ర చరిత్రలో స్థానమున్నది.